చిమ్మటల ఇంట్లో ఏసీ

ఏసీలు బిగించే పనిలోనే నా తల నెరిసింది. మదనపల్లెలో ఒక షాపులో పని. అక్కడ అమ్మిన మిషన్లకు పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా సర్వీసు చేసేది నేనూ, నా జతగాడూ. ఈ మధ్య పనిలోకి వచ్చిన కుర్రవాళ్లు ఎక్కడైనా కలిస్తే, "అన్నా, నీ సర్వీసులో బాగా సతాయించిన కంప్లయింటు ఏది?" అని అడుగుతుంటారు. గ్యాసు లీకులు, మాడిపోయిన బోర్డులు, పైపుల్లో దూరిన తొండలు మీకూ ఎదురవుతాయి, మీరే నేర్చుకుంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పింది ఏ లోపమూ లేని ఒక మిషను. దాని గురించే చెబుతాను.

కుప్పం సంగతి తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఏసీ అంటే నవ్వుతారు. నడి ఎండాకాలంలో కూడా అక్కడ తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాలి. అటువంటిది, కుప్పం పక్క పల్లె నుంచి ఒకాయన మా షాపుకు వచ్చి చల్లదనం మాటే ఎత్తలేదు. "గాలిని శుభ్రం చేసే ఏసీ ఉండాదంట కదా, అది సూపించండి" అన్నాడు. వాళ్లమ్మకు ఆయాసం. మదనపల్లెలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించారు. ఇది అలర్జీ అని చెప్పి, మందులు రాసి, పడుకునే గదిలో దుమ్ము లేకుండా చూసుకోమన్నాడట ఆ డాక్టరు.

మా ఓనరు మంచి మాటకారి. "ఇది ఏసీ అనుకోవద్దప్పా. మీ అమ్మ పక్కన రేయింబగళ్లు కూర్చునే నర్సమ్మ అనుకో" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. దుమ్ముకూ, పుప్పొడికీ పడనివాళ్లకు ఆ ఫిల్టర్లు మేలు చేయడం నేను చాలా ఇళ్లల్లో చూశాను. కానీ ఆ నర్సమ్మ ఏం చేయగలదో, ఏం చేయలేదో అప్పటికి మాకెవరికీ పూర్తిగా తెలియదు.

మేం మిషను తీసుకుని వెళ్లిన ఇల్లు పట్టుగుడ్లు తయారుచేసే ఇల్లు. పట్టుపురుగుల్ని పెంచే రైతులకు గుడ్లు కావాలి కదా, వాటిని తయారుచేసి అమ్మడం వీళ్ల వృత్తి. ముందు ఇల్లు, వెనక పొడవాటి రేకుల షెడ్డు. షెడ్డులో తట్టల నిండా పట్టుగూళ్లు పరిచి ఉంటాయి. పొద్దు పొడిచే వేళకు గూళ్లలోంచి తెల్లటి రెక్కల చిమ్మటలు బయటికి వస్తాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని వాటిని ఏరి, ఆడా మగా జతకలిపి, తర్వాత ఆడవాటిని గుడ్లు పెట్టడానికి కాగితాల మీద వదులుతారు. బైరెడ్డిపల్లె, గంగవరం దాకా రైతులు ఆ ఇంటి గుడ్ల కోసం వచ్చేవాళ్లు. ఆ పేరంతా ఆయన తల్లి కష్టం, ఆవిడను మేం పెద్దమ్మ అనేవాళ్లం. ఆవిడా, భర్తా ఒక్క గదిలో మొదలుపెట్టారట. భర్త పోయాక ఆవిడే నిలబెట్టింది.

మేం వెళ్లేసరికి పెద్దమ్మ పడకగదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయినా మమ్మల్ని చూడగానే ముందు కోడల్ని పిలిచింది.

"దూరం నుంచి వచ్చినారు. కాపీ... పెట్టియ్యి మే."

కోడలు అప్పటికే గ్లాసులు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆ అత్తాకోడళ్లకు ఒకరి మాట ఒకరికి ముందే తెలిసిపోయేది. ఇది మీకు ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

మిషను బిగించాం. కిటికీ సందులకు ఫోము పట్టీలు అతికించాం. తలుపు కింద సందు మూశాం. గది మూసి ఉంచితేనే ఫిల్టరు పని చేస్తుందని కోడలికి చెప్పాం. పెద్దమ్మ మిషను వైపు చూసి, "ఏమప్పా, ఇంక నేను పండుకోవచ్చునా?" అంది. నా జతగాడు ధైర్యంగా, "నిమ్మళంగా పండుకో పెద్దమ్మా" అన్నాడు.

కొన్నాళ్లకే ఫోను వచ్చింది. ఆయాసం తగ్గకపోగా ఎక్కువైందని. వెళ్లి చూశాం. గాలి బాగానే తోస్తోంది, ఫిల్టరు సక్రమంగా ఉంది. కడిగి పెట్టి వచ్చాం. మళ్లీ ఫోను. ఈసారి సన్న ఫిల్టరు కొత్తది వేశాం. ఇంకోసారి వెళ్లి, నీళ్లు పోయే గొట్టంలో బూజు పట్టిందేమోనని మొత్తం ఊడదీసి కడిగాం. ఎక్కడా లోపం దొరకలేదు. ఫిల్టరు తీయడం, స్నానాల గదిలో కొళాయి కింద పెట్టి కడగడం, ఆరబెట్టి బిగించడం. ఏ ఇంట్లోనైనా చేసేది అంతే, అక్కడా అంతే చేశాం.

ఒకసారి మేం సామాన్లు సర్దుకుంటుంటే కోడలు వాకిలి దాకా వచ్చింది. లోపల వినబడకుండా గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, ఎట్లన్నా చేసి మిషను బాగు చెయ్యండన్నా. మా అత్త మా వదినోళ్లింటికి పుంగనూరుకు పోయినప్పుడల్లా బాగుంటాది. ఈడికొస్తే రొప్పుతాంది. ఊరోళ్లు ఏమనుకుంటారు చెప్పండి? నేను ఊడ్సడంలేదని, సూసుకోవడంలేదని అంటాండారు. మా వదిన మొకమ్మీదే అనేసింది."

ఆ అమ్మాయి ఇల్లు ఎలా ఉంచేదో నేను కళ్లారా చూశాను. నేల అద్దంలా ఉండేది. పెద్దమ్మ మంచం దుప్పట్లు రోజూ ఉతికేది. "చూస్తాంలే అమ్మా" అని బయల్దేరాం.

ఆ సంగతి నిజమేనని మాకూ త్వరలోనే తెలిసింది. పెద్దమ్మ పుంగనూరులో కూతురింట్లో ఉన్న రోజుల్లో, ఆవిడ మందుల సంచి అక్కడ ఇచ్చి వెళ్లమని కొడుకు మాకు అప్పజెప్పాడు. కూతురి ఇల్లు రోడ్డు వారగానే. టమోటా లారీలు పోతుంటే వాకిలంతా దుమ్ము. ఏసీ లేదు, గరగరమంటూ తిరిగే పాత ఫ్యాను ఒకటి. ఆ దుమ్ములో, ఆ ఫ్యాను కింద, పెద్దమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని అనపకాయలు వొలుస్తూ పక్కింటావిడతో నవ్వుతోంది. ఒక్క దగ్గు లేదు. మమ్మల్ని చూసి, "రండప్పా, సంగటి తిని పోదురు" అని ఒక్క ఊపిరితో పిలిచింది.

కూతురు మందుల సంచి అందుకుంటూ అంది: "సూసినారా? ఈడ ఏ మిషనూ లేదు. సూసుకునేవాళ్లు సూసుకుంటే మా అమ్మకు ఏ రోగమూ లేదు. నేను వచ్చి మాట్లాడతా. అమ్మను ఇంక ఆడికి పంపేదే లేదు."

పెద్దమ్మ ముఖం వాడిపోయింది. "కోడల్ని అనొద్దు మే. దాని తప్పేం లేదు" అంది. కూతురు వినిపించుకోలేదు.

తిరుగు దారిలో బండి నా జతగాడు నడిపాడు. మదనపల్లె పొలిమేరకు వచ్చాక అన్నాడు: "అన్నా, లారీల దుమ్ములో బాగుండే మనిషి, మనం దుమ్ము లేకుండా చేసిన గదిలో రొప్పుతాంది. అయితే ఆ గదిలో ఉండేది దుమ్ము కాదు. ఇంకేందో ఉండాది."

అది ఏమిటో మాత్రం అతడికీ తెలియదు, నాకూ తెలియదు.

కూతురు అన్నట్టే తన భర్తను, బంధువుల్లో ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని కుప్పం వచ్చింది. తల్లిని పుంగనూరుకు తీసుకుపోయి అక్కడే ఉంచుకుంటానని ఆవిడ పట్టు. సరిగ్గా అదే రోజు కోడలు మాకు ఫోను చేసి రమ్మంది. మేం పోయేసరికి హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. కొడుకు తల వంచుకున్నాడు. గూళ్లు చిట్లే రోజులని పెద్దమ్మ కూతురి మాట వినకుండా కొన్నాళ్ల ముందే కొడుకింటికి వచ్చేసింది. ఊపిరి తీసుకోవడానికి భుజాలు లేస్తున్నాయి.

నేను ఫిల్టరు తీసి ఎప్పటిలాగే స్నానాల గది వైపు నడుస్తుంటే కోడలు అడ్డం నిలబడింది.

"ఆడికి యాల పోతావన్నా? అందరి ముందర పెట్టు. నేను ఇల్లు ఎట్ల పెట్టుకోనుండానో అందరూ సూడనీ."

ఫిల్టరు శుభ్రంగా లేదని చేతికి తెలుస్తూనే ఉంది. ఇప్పుడు అందరి ముందూ పెడితే ఆ అమ్మాయి నిందను కోరి తలకు చుట్టుకున్నట్టవుతుంది. నా జతగాడు సైగ చేశాడు, వద్దని. కానీ ఆ అమ్మాయి కదలలేదు. ఒక పాత పేపరు పరిచి దాని మీద పెట్టాను.

జాలీ కనబడకుండా పొడి పట్టి ఉంది. కూతురు లేచి వచ్చి చూసింది. "ఇదిగో. ఇంత మట్టి ఇంట్లో పెట్టుకొని మా అమ్మను పండబెడతాండారు" అంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కోడలు రోజూ ఊడ్చే చేతులు రెండూ కొంగులో దాచుకుని అలాగే నిలబడింది.

అప్పుడు పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా వచ్చి పేపరు ముందు కూర్చుంది. చూపుడు వేలితో ఆ పొడిని తాకి, తను కట్టుకున్న చీర నల్లంచు మీద రాసింది. తెల్లగా, వెండి రాసినట్టు మెరిసింది. ఆవిడ ఇంకోసారి రాసి చూసింది. కిటికీ వైపు తిరిగి వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది మట్టి కాదు" అంది. "మట్టి ఇట్ల మెరుస్తుందా? ఇది మన సిమ్మట్ల రెక్కల పొడి."

కొడుకు ఒక్క గెంతున దగ్గరికి వచ్చాడు. వాళ్లందరూ ఆ పొడి మధ్య పెరిగినవాళ్లే. ఒకసారి చెప్పాక ఎవరికీ అనుమానం లేదు. చిమ్మట రెక్కలు కొట్టుకుంటే రాలే సన్నటి పొలుసులు అవి. పొద్దున్నే షెడ్డులో కూర్చుని చిమ్మటలు ఏరి, పెద్దమ్మ అదే చీరతో వచ్చి మంచం మీద వాలేది. చీరలోంచి, జుట్టులోంచి ఆ పొడి గదిలోకి వచ్చేది. పుంగనూరులో చిమ్మటలు లేవు, ఆయాసమూ లేదు. ఇక మేం బిగించిన మిషను సంగతి. మీకు తెలిసిందే, ఇంట్లో పెట్టే ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలో గాలినే తిప్పుతుంది. ఫిల్టరు తనకు చేతనైనంత పట్టింది. కానీ రోజూ కొత్తగా వచ్చి చేరుతుంటే, పైగా గాలి పోయే సందులన్నీ మేమే మూసేస్తే, అది మాత్రం ఎంతని పడుతుంది?

ఇదంతా అక్కడే తలా ఒక ముక్క అనుకుంటుంటే, పెద్దమ్మ మాత్రం వేలి మీద పొడినే చూస్తోంది. అలాగే కొడుకు వైపు తిరిగింది.

"మీ నాయన కూడా కడాన ఇట్లనే రొప్పినాడు కదప్పా. బీడీలు అనుకుంటిమే."

ఆయనకు వచ్చింది ఇదేనో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మాట అన్నాక ఆవిడ కళ్లలోకి చూడలేక నేను తల తిప్పుకున్నాను. కూతురు వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. కాసేపటికి లేచి, వదినా మరదళ్లు ఇద్దరూ వంటింట్లోకి పోయారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికి వచ్చేటప్పుడు ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి, కూతురి చేతిలో మాకు కాఫీ గ్లాసులున్నాయి.

మర్నాడే కొడుకు తల్లిని మదనపల్లె డాక్టరు దగ్గరికి తీసుకువచ్చాడు. అక్కడ జరిగింది కోడలు నాకు తర్వాత చెప్పింది. డాక్టరు అంతా విని, "ఆవిడ ఏం పని చేస్తారని నేను మొదటి రోజే అడిగాను కదయ్యా" అన్నాడట. నిజమే, అడిగాడు. "పనేం లేదు సార్, ఇంటికాడనే ఉంటాది" అని కొడుకే చెప్పాడు. అబద్ధం చెప్పాలని కాదు. షెడ్డు ఇంటి వెనకే ఉంది, ఆవిడ ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్లు ఆవిడ చేసింది ఉద్యోగమని, అది లెక్కలోకి వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆవిడకు కూడా తోచలేదు. డాక్టరు పరీక్షలు చేయించి, మందులు మార్చి, ఇక చిమ్మటల దగ్గరికి పోవద్దని చెప్పాడు.

అక్కడ కథ అడ్డం తిరిగింది. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

మేం తర్వాత వెళ్లేసరికి ఇంట్లో అందరూ ఆవిడను బతిమాలుతున్నారు. ఆవిడ నన్ను సాక్ష్యానికి పిలిచింది. "నువ్వే చెప్పప్పా. ఒట్టి ఊపిరి పీల్చుకుంటా గదిలో కూసునేదానికా నేను ఉండేది? మంచి సిమ్మట ఏదో, పాడు సిమ్మట ఏదో సూస్తానే చెప్తా నేను. అది ఇడిసిపెట్టి ఏం చేసేది?"

ఏసీ మెకానికుకు అంత పెద్ద ప్రశ్నకు జవాబు ఎలా తెలుస్తుంది? కానీ షెడ్డు చూస్తే ఒక ఆలోచన వచ్చింది. షెడ్డు చివర ఖాళీ గోతాలు పడేసుకునే చిన్న గది ఉంది. మధ్య గోడకు పెద్ద అద్దం పెట్టి, ఆ గదిని బిగుతుగా చేసి, పడకగదిలోని ఏసీని తెచ్చి అందులో పెడితే, ఆవిడ లోపల కూర్చుని అద్దంలోంచి అంతా చూసుకోవచ్చు. షెడ్డులోంచి కాకుండా బయటి నుంచి వేరే దారి పెట్టాలి.

కొడుకు సరేనన్నాడు. పెద్దమ్మ ఆలోచించి, ఇంకో మాట అంది. అది నేను ఎన్నటికీ మరిచిపోను.

"నా ఒక్కదానికి అద్దాల గది కట్టి, ఆడ కూసోనుండే ఆడోళ్లను అట్లే వదిలేస్తే ఎట్లప్పా? వాళ్లు మాత్రం మనుషులు కారా? ముందు వాళ్ల సంగతి సూడు, కడాన నాది."

అలా మొదట ఏరే బల్లల దగ్గర పొడిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టాం. అది మాటలతో అయిన పని కాదు. గాలి జోరుగా తగిలితే గుడ్లు ఎండిపోతాయని పెద్దమ్మ భయం, మెల్లగా తిరిగితే పొడి కదలదని నా భయం. ఆవిడ వాకిట్లో నిలబడి, మూతికి గుడ్డ కట్టుకుని, "తగ్గించు, ఇంకా తగ్గించు" అంటుంటే నా జతగాడు ఫ్యాన్లను ఒకసారి అటు, ఒకసారి ఇటు మారుస్తూ చెమటలు కక్కాడు. చివరికి గుడ్లు పెట్టించే చోటును తడిక కట్టి వేరు చేయమని ఆవిడే చెప్పింది. దాంతో కుదిరింది. పనిచేసే ఆడవాళ్లందరికీ మాస్కులు వచ్చాయి. స్నానం చేసి, చీర మార్చుకున్నాకే ఇంట్లో అడుగుపెట్టాలన్న నియమం కోడలు పెట్టింది. ఆ తర్వాతే పెద్దమ్మ అద్దాల గది తయారైంది.

గూళ్లు చిట్లే రోజు చూసి మమ్మల్ని రమ్మన్నారు. బాగా లేకపోతే అప్పుడే సరిచేయాలి కదా. పొద్దున్నే చేరుకున్నాం. షెడ్డులో వేల చిమ్మటలు తెల్లగా కొట్టుకుంటున్నాయి. అద్దం అవతల పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. ఇవతల ఆవిడ చోటులో కోడలు. ఒక్కో తట్టను కోడలు అద్దం దగ్గరికి తెచ్చి చూపిస్తుంటే, పెద్దమ్మ వేలితో అద్దం మీద కొట్టి, అది కాదు, పక్కది తీసెయ్ అని సైగ చేస్తోంది. ఒకసారి కోడలు పొరపాటున మంచిదాన్ని తీసేస్తే, ఆవిడ అద్దం వెనక నుంచి అరిచిన అరుపు మాకు వినబడింది. గాజు అడ్డం ఉన్నా వినబడింది. నా జతగాడు నా వైపు చూసి, "అన్నా, ఆ అరుపుకు ఊపిరి కావాల గదా!" అన్నాడు.

ఆయాసం పూర్తిగా పోయిందని చెప్పను. చలికాలంలో వచ్చేది, మందులు వాడేది. కానీ ఆ ఇంటి గుడ్ల పేరు తగ్గలేదు, ఆ ఇంటి కోడలి పేరూ నిలబడింది. పుంగనూరు నుంచి కూతురు వచ్చినప్పుడల్లా ముందు మరదలి పక్కన చేరి, ఆ తర్వాతే తల్లి దగ్గరికి వెళ్లేదని పెద్దమ్మే నవ్వుతూ ఫిర్యాదు చేసేది.

పనిలో నాకు నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. రాగి పైపు అతకడం నేర్పిన మేస్త్రీ ఉన్నాడు, కస్టమరుతో ఓపికగా మాట్లాడడం నేర్పిన ఓనరు ఉన్నాడు. ఎంత దూరమైనా విసుక్కోకుండా బండి నడిపిన జతగాడు ఉన్నాడు. వాళ్లందరికీ రుణపడ్డాను. కానీ అలర్జీ ఉందని ఏసీ కొనేవాళ్ల ఇంట్లో మిషను విప్పకముందు, ఆ మనిషి రోజంతా ఏం చేస్తారో కూర్చుని అడగాలని నాకు నేర్పింది పెద్దమ్మ, ఆవిడ కోడలు. ఫిల్టరును కొళాయి కింద పెట్టకముందు ఇంటివాళ్లకు చూపించడం ఆ ఇంటి నుంచే నాకు అలవాటైంది. అలా చూపిస్తే ఎన్ని ఇళ్లల్లో ఎన్ని సంగతులు తెలిశాయో! ఒకచోట పావురాలు, ఒకచోట పిండిమర, ఇంకోచోట అటక మీద పాత దూది పరుపు. తెలిసినవాళ్లు ఆ ఇంటివాళ్లే, నేను పేపరు పరిచానంతే. మీరూ పరచండి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఏసీ సర్వీసుకని మళ్లీ కుప్పం వెళ్లాం. ఏరడం అయిపోయి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. గాజు గది తలుపు తీయబోతుంటే కోడలు పరుగున వచ్చి నోటి మీద వేలు పెట్టింది. షెడ్డులోకి వెళ్లి అద్దంలోంచి చూశాను. పెద్దమ్మ కింద చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. తల కింద చెయ్యి, నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఊపిరి నెమ్మదిగా, సమంగా వస్తోంది.

"లేపొద్దన్నా. ఇంకోసారి రండి. మీకు తిప్పలే కదా, కోపం చేసుకోవద్దు."

మేం మిషను ముట్టుకోలేదు. సామాన్ల పెట్టె చప్పుడు కాకుండా ఎత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, వాకిలి దాకా మునివేళ్ల మీద నడిచి వచ్చేశాం.